సెల్ఫ్ కొట్టకు

రైలు పట్టాల కింద నుంచి పోయే ఆ అండర్‌బ్రిడ్జి పేరెత్తితే చాలు, లారీలు తోలేవాళ్ళ మొహాలు మాడిపోతాయి. పగలు బాగానే ఉంటుంది. రెండు పక్కలా సిమెంటు గోడలు, గోడల మీద ట్యూషన్ల ప్రకటనలు, పైన పావురాల గూళ్ళు. వాన పడిన రాత్రి మాత్రం దాని సంగతి వేరు. ఆ నీళ్ళలో ఆగిన బండి మర్నాడు ఎంత తన్నుకున్నా స్టార్టవదంటారు. ఆగిన బండి పక్కకి ఎవరో వస్తారంటారు... గొంతు లేకుండా, ఒట్టి గాలితో మాట్లాడతారంటారు.

అసలు ఎవరు చచ్చి దెయ్యమయ్యారు అని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పరు. ఒకడు ఆడమనిషి అంటాడు. ఒకడు సైకిలు మీద పోయే ముసలాయన అంటాడు. ఒకడైతే ఎద్దు అన్నాడు. ఎద్దు గుసగుసలాడడమేమిటయ్యా అంటే, "నీకు నమ్మకం లేకపోతే వదిలెయ్ చెల్లెమ్మా" అని మొహం తిప్పుకున్నాడు. నాకు నమ్మకం లేదు. నాకున్నదల్లా ఒళ్ళుమంట. ఎందుకంటే మొన్న వాన రాత్రి ఆ నీళ్ళలో ఆగింది మా లారీ.

మా ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతాను. మధ్యలో నా విసుగు కలిసిందంటే ఏమీ అనుకోవద్దు, అది నేను చేసేది కాదు, దానంతట అదే వస్తుంది.

ముందు లారీ సంగతి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆయన పరాయి బండ్లే తోలాడు. ఎవడో రమ్మంటే లేవాలి, ఎవడో పొమ్మంటే పోవాలి. ఇంట్లో పిల్లకి ఒళ్ళు కాలిపోతున్నా స్టీరింగు వదిలే వీల్లేదు. ఎన్నో ఏళ్ళు అలా గడిచాక, ఈ మధ్యే సొంతానికి ఒక పాత లారీ కొనుక్కున్నాం. దాన్ని ఎంచి పెట్టింది మా అన్నయ్య. మా అన్నయ్య లారీ మెకానిక్కు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని లోపలి జబ్బు చెబుతాడు. అందుకే షెడ్ల వీధిలో అందరూ డాక్టరుగారూ అంటారు. "బాడీ చూడకు చెల్లీ, ఇంజన్ చూడు" అన్నాడు ఆ రోజు. నిజమే, బాడీలో చూడ్డానికేమీ లేదు. ఆ లారీ మొత్తానికి పనికొచ్చేది ఇంజన్ ఒక్కటే. అది గనక పోతే ఇంకొకటి వేయించే తాహతు మాకు లేదు. మా ఆయన మళ్ళీ పరాయి బండి ఎక్కాల్సిందే.

ఆ సాయంత్రం ఇటుకలు దించేసి ఖాళీ లారీతో వస్తున్నాడు. పొద్దుట్నించీ ఒకటే వాన. నేను ఫోన్ చేసి మరీ చెప్పాను, చుట్టు తిరిగి రండి, అండర్‌బ్రిడ్జి వద్దు అని. దెయ్యానికి భయపడి కాదు, నీళ్ళకి భయపడి. "సరేలేవే" అన్నాడు. మా ఆయన సరేలేవే అన్నాడంటే చెయ్యడని అర్థం.

అక్కడికొచ్చేసరికి చీకటి పడిపోయింది. వీధి దీపాలు లేవు. ముందు బండి లేదు, వెనక బండి లేదు. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి... ఎంత లోతో తెలియదు. ముందు ఏదైనా బండి దిగితే దాని చక్రాలు చూసి లోతు తెలుసుకోవాలని, తెలియని నీళ్ళలో దిగొద్దని మా అన్నయ్య చెప్పి చెప్పి అలిసిపోయాడు.

మా ఆయన దిగాడు.

మొదటి గేరు. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తియ్యకుండా, నెమ్మదిగా... చక్రాలు మునిగాయి. బంపరు మునిగింది. హెడ్‌లైట్లు నీళ్ళ అడుగు నుంచి పసుప్పచ్చగా వెలుగుతున్నాయి. ఫ్యాను నీళ్ళని చరుస్తున్న చప్పుడు. ఇంకొంచెం... ఇంకొంచెం పోతే ఎత్తు మొదలవుతుంది —

కింద ఏదో తగిలింది. మెత్తగా.

అంతే, గుండె జారిపోయి కాలు తీసేశాడు. నీళ్ళలో ఉండగా కాలు తియ్యకూడదని లారీ తోలేవాళ్ళందరికీ తెలుసు. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. లైట్లు కాసేపు కొట్టుకుని అవీ ఆరిపోయాయి.

ఇక చీకటి. వంతెన మీద నుంచి ధారగా పడుతున్న నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోన్ చూస్తే చచ్చి ఉంది. ఎవరైనా రాకపోతారా అని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. కాళ్ళ కింద చల్లగా తగిలింది. చూస్తే క్యాబిన్‌లోకి నీళ్ళు వస్తున్నాయి. ఇలా కూర్చుంటే బండి మునిగిపోతుంది, ఏదైతే అదవుతుంది, సెల్ఫ్ కొట్టి ఇంజన్ లేపుదామని తాళం చెవి మీద చెయ్యి వేశాడు.

టక్... టక్...

తలుపు. తన పక్క తలుపే.

నీళ్ళలో నిలబడి లారీ తలుపు తట్టేది ఎవరు? మెల్లగా తల తిప్పాడు. అద్దం అవతల నల్లటి నీళ్ళు. నీళ్ళ మీద ఒక తల. తల మీద ముసుగు. మొహం ఉండాల్సిన చోట చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకట్లోంచి గొంతు లేని గాలి వచ్చింది —

"సెల్... ఫ్... కొట్టకు..."

మా ఆయన రెండో తలుపు ఎప్పుడు తీశాడో, నీళ్ళలో ఎలా పడ్డాడో, ఎటు ఈదాడో ఆయనకే తెలియదు. చెప్పుల్లేకుండా ఇంటికొచ్చి, గుమ్మం మీద కూలబడి, "మాట్లాడిందే... నాతో మాట్లాడిందే" అన్నాడు. మనిషి దక్కాడని నాకు ఏడుపొచ్చింది. లారీ ఏదండీ అని అడిగాను. మళ్ళీ ఏడుపొచ్చింది. రెండో ఏడుపు ఎక్కువసేపు ఏడ్చాను.

తెల్లవారేసరికి నీళ్ళు తగ్గాయి. ట్రాక్టరు కట్టి లారీని మా అన్నయ్య షెడ్డుకి ఈడ్పించాం. అన్నయ్య ముందు లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. క్యాబిన్ వెనక, చక్రం కంటే కాస్త పైన, ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం ఉంటుంది. దాని నోటి మీద చిన్న రేకు టోపీ. ఇంజన్‌కి ముక్కు అదే. బురద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో లారీ ఒంటి మీద గీత గీసినట్టు తెలుస్తోంది. ఆ గీత ముక్కు కంటే జానెడు పైన ఉంది.

"తాగేసింది" అన్నాడు అన్నయ్య. అని, అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఇంజన్ లోపల గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. లోపల నీళ్ళుండగా సెల్ఫ్ కొట్టారంటే ఇనప కడ్డీలు కూడా వంగిపోతాయి. ఆ తర్వాత అది ఇంజన్ కాదు, పాత సామాను.

"సెల్ఫ్ కొట్టావా బావా?" అని మా ఆయన్ని అడిగాడు.

"లేదు బావా. కొట్టబోతుంటే..."

"కొట్టబోతుంటే?"

"వద్దంది."

"ఏది?"

మా ఆయన నేల చూపులు చూశాడు. "దెయ్యం."

అన్నయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. "దెయ్యానికున్న పాటి బుద్ధి నీకు లేకపోయిందన్నమాట" అని లేచి, పని మొదలుపెట్టాడు.

ముందు గాలి ఫిల్టరు పెట్టె విప్పాడు, తడిసి ముద్దయి ఉంటుందని. పొడిగా ఉంది. తడితే దుమ్ము రాలింది. ఆయిలు పుల్ల తీసి చూశాడు. నీళ్ళు కలిస్తే ఆయిలు పాలు పోసిన టీలా తెల్లబడాలి. నల్లగా నిగనిగలాడుతోంది. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి, ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు చిమ్ముతాయని మమ్మల్ని పక్కకి జరగమని, రాడ్డు పెట్టి ఇంజన్‌ని చేత్తో తిప్పాడు. గాలి ఉఫ్ఫుమంది. ఒక్క చుక్క నీళ్ళు రాలేదు.

నేను సంతోషపడ్డాను. అన్నయ్యకి మాత్రం కోపమొచ్చింది. "ముక్కు దాకా మునిగి నీళ్ళు తాగకపోవడమేమిటి? ఇలా ఎక్కడైనా ఉంటుందా?" అని లారీని నిలదీస్తున్నాడు. అన్నీ మళ్ళీ బిగించి, కొత్త బ్యాటరీ తగిలించి, సెల్ఫ్ కొట్టమన్నాడు.

ఇంజన్ అందుకుంది. ఒక్క క్షణం... రెండు... తర్వాత ఎక్కణ్ణుంచో సన్నగా మొదలైంది —

"ఊఁ... ఊఁ... ఊఁ..."

మూలుగు. గుక్కపట్టిన మనిషి మూలిగినట్టు. నల్లటి పొగ ఒకసారి కక్కి ఇంజన్ ఆగిపోయింది. మూలుగూ ఆగిపోయింది.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ మూలుగు. మళ్ళీ ఆగింది.

ఇక ఆ రోజంతా చూడాలి నా అవస్థ. డీజిల్లో నీళ్ళు కలిశాయన్నాడు అన్నయ్య. ట్యాంకు ఖాళీ చేశారు. ఆగింది. డీజిల్ ఫిల్టరు మార్చారు. ఆగింది. పైపుల్లో గాలి చేరిందని చేతి పంపు నొక్కి నొక్కి బొటనవేలు బొబ్బలెక్కించుకున్నాడు. ఆగింది. వైర్లన్నీ విప్పి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తగిలించారు. ఆగింది. నల్ల పొగ వస్తోంది కాబట్టి నాజిళ్ళే అన్నాడు. విప్పినవే మళ్ళీ విప్పాడు. స్క్రూడ్రైవరు పెట్టి ఇంజన్ ఒంటి మీద వినని చోటు లేదు. ప్రతిసారీ "లోపల బాగుంది... లోపల అంతా బాగుంది" అంటాడు. బాగున్న దానికి ఈ మూలుగేమిటో చెప్పడు.

"గాలి అందట్లేదేమో బావా" అన్నాడు మా ఆయన ఒకసారి.

"ఫిల్టరు అన్నిటికంటే ముందు చూసింది నేను. పొడిగా ఉంది. నువ్వు నాకు చెప్పకు."

"నువ్వు ఎంచిన బండే కదా అని అడిగాను."

"నేను ఎంచిన బండే. నువ్వు ముంచిన బండి."

ఆ తర్వాత ఇద్దరూ మాటలు మానేశారు. పానా కావాలన్నా నన్ను అడగడమే. "మీ అన్నయ్యకి చెప్పు" అని ఈయన, "మీ ఆయనకి చెప్పు" అని ఆయన. నాకు ఇద్దరినీ ఆ పానాతోనే ఒకటెయ్యాలనిపించింది. కోపం మాట అలా ఉంచితే, లోపల దిగులు. సాయంత్రానికి మా ఆయన మొహం పరాయి బండ్లు తోలే రోజుల్లో ఎలా ఉండేదో అలా అయిపోయింది.

పొద్దు గూకేసరికి మా షెడ్డు సంగతి వీధంతా పాకింది. ఆ మూలుగు వినపడినప్పుడల్లా ఒక్కో షట్టరు దిగుతోంది. పక్క షెడ్డు వెల్డింగు ఆయన పోతూ పోతూ, "డాక్టరుగారూ, ఇది మందులకి లొంగే జబ్బు కాదు. అక్కడిది మీ బండెక్కి వచ్చేసింది" అని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను ఇంటికెళ్ళి అన్నం క్యారియరు తెచ్చేసరికి కరెంటు పోయింది. షెడ్డు నిండా చీకటి. ఆయిలు వాసన. అన్నయ్య సగం దించిన షట్టరు పక్కన దిగాలుగా కూర్చుని ఉన్నాడు. "పొద్దున్న ఇంజన్ దించి మొత్తం విప్పేస్తాను" అన్నాడు. విప్పితే ఎన్నాళ్ళు పడుతుందో, మళ్ళీ ఎక్కుతుందో లేదో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఒక్కసారి కొట్టండి" అన్నాను మా ఆయనతో. "చీకట్లోనా?" అన్నాడు. "చీకట్లోనే. నేను వింటాను."

టార్చి పట్టుకుని లారీ పక్కన నిలబడ్డాను. ఇంజన్ అందుకుంది. మొదలైంది... "ఊఁ... ఊఁ..." పొద్దుట్నించీ ఆ ఇద్దరూ ఇంజన్ మీద తల పెట్టి వింటున్నారు. నేను నిలబడ్డది క్యాబిన్ వెనక. మూలుగు నా ముందు నుంచి రావట్లేదు. నా చెవి పక్క నుంచి వస్తోంది.

"అన్నయ్యా... ఏడుపు ఇక్కడ."

ఇంజన్ ఆగిపోయింది. అన్నయ్య వచ్చి, రేకు టోపీ ఊడదీసి, గొట్టం నోట్లో చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా పోయింది చెయ్యి. ఉన్నట్టుండి ఒక్క కేక పెట్టి లాగేసుకున్నాడు.

"జుట్టు!... తడి జుట్టు!"

నాకు ఒళ్ళు జల్లుమంది. అయినా కడుపులో మంట ముందు భయం ఎంతసేపు నిలుస్తుంది? చెయ్యి పెట్టి పట్టుకుని లాగాను. వస్తోంది... ఇంకా వస్తోంది... చల్లగా, మెత్తగా, అంచున కుచ్చులతో. టార్చి వేసి చూస్తే తువ్వాలు. ప్లాస్టిక్ సంచీ చుట్టి, ఉండలా చేసి, జారిపోకుండా తీగ కట్టి, గొట్టంలోకి బిగించిన తువ్వాలు. ఆ కుచ్చులే మా డాక్టరుగారి చేతికి జుట్టయ్యాయి.

"కొట్టండి" అన్నాను.

సెల్ఫ్ ఇలా తగిలిందో లేదో ఇంజన్ అందుకుంది. ఆగలేదు. మూలగలేదు. షెడ్డు రేకులు అదిరిపోయేలా, హాయిగా నడుస్తూనే ఉంది. మా ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. అన్నయ్య ఆ గొట్టం నోటినీ, బురద గీతనీ మార్చి మార్చి చూసి, "ఇది లేకపోతే నిన్న రాత్రే నీళ్ళు తాగి ఉండేది చెల్లీ. ముక్కు మూసి కాపాడారు" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరు?" అన్నాను.

ఇంజన్ ఆపి మా ఆయన దిగాడు. తను పెట్టలేదన్నాడు. అన్నయ్య పెట్టలేదు. ట్రాక్టరు వచ్చేసరికి నీళ్ళు తగ్గాయి కాబట్టి వాళ్ళకి ఆ అవసరమే లేదు. ముగ్గురం ఆ తువ్వాలు వైపు చూస్తున్నాం...

టక్... టక్...

షట్టరు.

సగం దించిన షట్టరు కింద రెండు కాళ్ళు. తడి కాళ్ళు. అవతల నుంచి గొంతు లేని గాలి —

"నా... తువ్వాలు..."

మా ఆయన క్యాబిన్ ఎక్కి అద్దాలు బిగించుకున్నాడు. లారీల కింద పని చేసుకోవడానికి తవ్విన గుంత ఉంటుంది షెడ్డులో, మా అన్నయ్య అందులోకి దిగిపోయాడు. పుట్టింటి వైపు నుంచీ మెట్టింటి వైపు నుంచీ నాకు దక్కిన మగ దిక్కు అది. టార్చి ఎత్తి పట్టుకుని నేనే షట్టరు లేపాను.

బక్కపల్చటి పెద్దాయన. తల మీద ప్లాస్టిక్ పట్టా. గొంతు దగ్గర ఆపరేషన్ చేసిన మచ్చ.

"భయపడకమ్మా" అన్నాడు అదే గాలితో. "గొంతు తీసేశారు. ఇంతకంటే గట్టిగా రాదు. అండర్‌బ్రిడ్జి నీళ్ళు తోడే మోటారు నడిపేది నేనే. గోడ వెనక గదిలో ఉంటాను. ట్రాక్టరువాళ్ళని అడుగుతూ అడుగుతూ వచ్చాను."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. లోపలికి రమ్మని స్టూలు వేశాను. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. ఆయనకి మాకంటే ఎక్కువ విసుగ్గా ఉంది.

"ప్రతి వానకీ ఇదే గోలమ్మా. బండి ఆగుతుంది. సెల్ఫ్ కొట్టకండి, ముక్కు మూస్తాను, నీళ్ళు తోడాక తీసేస్తాను అని చెబుదామని వెళతాను. నోరు తెరిస్తే పారిపోతారు. సరే అని బండి ముక్కు మూసి వస్తాను. తెల్లారి నేను మోటారు దగ్గర ఉండగానే ఈడ్చుకుపోతారు. తర్వాత స్టార్టవలేదని నా వంతెనకి చెడ్డపేరు. మంచి చేద్దామని పోతే నన్ను చూసి పెద్దపెద్ద మగాళ్ళు కేకలు పెడుతుంటే ఎలా ఉంటుందో నీకు తెలియదమ్మా." ఆ మాట దగ్గర ఆయన కళ్ళు తడిశాయి. నాకు సిగ్గేసింది.

అప్పటికి మా ఆయన అద్దం దించి, మెల్లగా దిగి వచ్చాడు. అన్నయ్య గుంతలోంచి తల బయట పెట్టాడు. మా ఆయన ఆ పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని, "మా బతుకు నిలబెట్టారు బాబాయ్" అన్నాడు.

"నాదేముంది బాబూ. మోటారు మోతలో నాకు బయట ఏం జరిగేదీ వినపడదు. మీవాడు వచ్చి చెప్పబట్టి వచ్చాను." పెద్దాయన మా అన్నయ్య వైపు చూశాడు, నా వైపు చూశాడు, షెడ్డంతా చూశాడు. "ఏడీ అతను? నిన్న నీతో ఉన్న రెండో అతను?"

"నాతో ఎవరూ లేరు" అన్నాడు మా ఆయన. "బండిలో నేనొక్కణ్ణే."

"ఉన్నాడు బాబూ. నా గది తలుపు తట్టాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. బండి ఆగింది, తొందరగా రా అన్నాడు. నా ముందు నడుస్తూ, ఎక్కడ గుంటో, ఎక్కడ మురుగు కాలవకి మూత లేదో చెబుతూ తీసుకొచ్చాడు. చాలా పొడుగు మనిషి."

"ఎంత పొడుగు బాబాయ్?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"చాలా పొడుగమ్మా. నీళ్ళు నాకు గుండెల దాకా ఉన్నాయి. ఆయనకి మోకాళ్ళు కూడా..."

అక్కడ ఆగిపోయాడు.

పెద్దాయన పెదాలు కదులుతున్నాయి, గాలి కూడా రావట్లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టున్నాడు. చివరికి, "పోయిన వానకి వ్యాను ఆగినప్పుడు... అంతకుముందు ఆ ఇసుక లారీ... ఆ బండి మనిషేననుకున్నాను" అన్నాడు. "ఎప్పటికప్పుడు ఆ బండి మనిషేలే అనుకున్నానమ్మా. చీకట్లో మొహం ఎక్కడ చూశాను..."

షెడ్డు రేకుల మీద టపటపా చినుకులు మొదలయ్యాయి. పెద్దాయన ఉలిక్కిపడి పైకి చూశాడు. గబగబా తువ్వాలు పిండి భుజాన వేసుకుని, పట్టా తల మీదికి లాక్కున్నాడు.

"ఎక్కడికి బాబాయ్?" మా ఆయన దారికి అడ్డం నిలబడ్డాడు. "ఇదంతా తెలిశాక కూడా, ఒక్కరే, ఆ గదికా?"

"వాన పట్టేలా ఉంది బాబూ" అన్నాడు పెద్దాయన. "ఏ బండో ఆగితే ఆయన వచ్చి తలుపు తడతాడు. నేను గదిలో లేకపోతే పాపం, ఇంకెవరికి చెప్పుకుంటాడు?"

మమ్మల్ని తప్పించుకుని, షట్టరు కింద నుంచి వంగి, వానలోకి వెళ్ళిపోయాడు.